లైసెన్సు చేతికొచ్చింది... మరి ఉద్యోగం?

ఇంటర్ పాసైన పిల్ల ఇంజనీరింగ్ వద్దు, పైలట్ అవుతానంటే మన ఇళ్ళల్లో ముందుగా వచ్చే మాట "ఆడపిల్లకి అదేం ఉద్యోగమే?" అని. రెండో మాట "ఎంతవుతుందిట?" అని. మొదటి మాటని పక్కన పెట్టేయొచ్చు. మన దేశంలో పైలట్లలో నూటికి పదిహేను మంది దాకా ఆడవాళ్ళేనట. ప్రపంచం మొత్తం మీద చూస్తే నూటికి అయిదారుగురే. ఈ విషయంలో మనమే నయం.

అసలు ఆ తలుపు తెరిచిన ఊరు మన హైదరాబాదే అంటే నమ్ముతారా? ప్రేమ్ మాథుర్ అనే ఆవిడ 1947లో అలహాబాద్ ఫ్లయింగ్ క్లబ్బులో నేర్చుకుని లైసెన్సు తెచ్చుకుంది. ఎనిమిది కంపెనీలకి దరఖాస్తు పెడితే ఎనిమిదీ ఆడదని వద్దన్నాయి. చివరికి హైదరాబాద్ దక్కన్ ఎయిర్‌వేస్ వాళ్ళు కో-పైలట్‌గా తీసుకున్నారు. అక్కడ కూడా కెప్టెన్‌ని చేయమంటే, ప్రయాణికులు భయపడతారని చేయలేదు. 1949లో జాతీయ విమాన పందెం గెలిచినావిడకే ఆ గతి! ఆవిడ ఊరుకోలేదు లెండి. బయటికొచ్చి, 1953లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో చేరింది.

ఇక రెండో మాట, డబ్బు. ఇక్కడే జాగ్రత్త కావాలి. లైసెన్సు రావడం వేరు, ఉద్యోగం రావడం వేరు. ఈ రెంటి మధ్య ఎంత దూరం ఉందో ఏ ఫ్లయింగ్ స్కూలూ తన రంగుల కాగితంలో వేయదు.

కమర్షియల్ పైలట్ లైసెన్సుకి పద్ధెనిమిదేళ్ళు నిండాలి, ఇంటర్లో లెక్కలు, ఫిజిక్స్ ఉండాలి. బైపీసీ చదివిన పిల్ల లెక్కల పేపరు ఓపెన్ స్కూల్లో విడిగా రాసుకోవచ్చు. 200 గంటలు విమానం నడపాలి. డీజీసీఏ, అంటే పౌర విమానయాన శాఖ పెట్టే పరీక్షలు పాసవ్వాలి. వాతావరణం, దారి లెక్కలు, నిబంధనలు, ఇంజను సంగతులు అన్నీ ఉంటాయి. రేడియోలో మాట్లాడేందుకు వేరే పరీక్ష. ఇదంతా అయ్యేసరికి 50 లక్షలు దాటుతుంది. విమాన కంపెనీలే నడిపే కేడెట్ కోర్సులైతే కోటి పైమాటే. కాకపోతే వాటిలో చివర ఉద్యోగం దొరికే దారి కొంచెం దగ్గర.

డబ్బు కట్టకముందే చేయించాల్సిన పని ఒకటుంది, మెడికల్. ముందు క్లాస్ టూ, తర్వాత క్లాస్ వన్ అని రెండు పరీక్షలుంటాయి. కళ్ళజోడు ఉంటే భయం లేదు, అద్దాలతో చూపు సరిగా ఉంటే చాలు. రంగులు గుర్తుపట్టలేకపోతే మాత్రం కష్టం. కొందరు ఫీజు కట్టేసి, అక్కడికి పోయాక ఈ సంగతి తెలుసుకుని లబోదిబోమంటారు. క్లాస్ వన్ కూడా ముందే చేయించేసుకుంటే ఆ బెంగ తీరిపోతుంది.

మా ఆడపడుచు కూతురు లైసెన్సు తెచ్చుకున్నప్పుడు ఇంటిల్లిపాదికీ స్వీట్లు పంచారు. ఆ తర్వాత పిల్ల ఉద్యోగం లేకుండా దాదాపు రెండేళ్ళు ఇంట్లోనే ఉంది. బ్యాంకు వాయిదాలు మొదలైపోయాయి. రెండెకరాల పొలం కాగితాలు బ్యాంకులోనే ఉన్నాయి. "వదినా, దాని పెళ్ళికి దాచింది కూడా ఇందులోకే పోయింది, ఎవరికీ చెప్పుకోలేకపోతున్నా" అని ఫోన్లో ఏడ్చేది. పిల్ల తెలివితక్కువది కాదు. ఆ సమయంలో కంపెనీలు కొత్తవాళ్ళని పిలవలేదు, అంతే.

విమాన కంపెనీల తీరే అంత. కింగ్‌ఫిషర్ 2012లో ఆగిపోయింది. జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్లో, గో ఫస్ట్ 2023 మేలో. ఒక కంపెనీ మూతపడితే వేల గంటలు నడిపిన పైలట్లు వందలమంది ఒక్కసారిగా దరఖాస్తులు పట్టుకుని బయటికొస్తారు. అప్పుడు 200 గంటల పిల్లని ఎవరు పిలుస్తారు చెప్పండి? అందుకే ఖర్చు లెక్క వేసుకునేటప్పుడు, లైసెన్సు తర్వాత రెండేళ్ళు జీతం లేకపోయినా వాయిదాలు కట్టగలమా అని కూడా చూసుకోవాలి. కట్టలేమనుకుంటే పొలం జోలికి పోకండి, ఇంకో దారి చూడండి. డిగ్రీ చేసుకుంటూ వయసొచ్చాక ప్రయత్నించినా మునిగిపోయిందేమీ లేదు.

దరఖాస్తు పెట్టే ముందు ఇంకో ఖర్చు. ఎయిర్‌బస్ 320 లాంటి పెద్ద విమానం నడపడానికి టైప్ రేటింగ్ అని విడిగా నేర్చుకోవాలి. అదీ పది లక్షల పైమాటే. కొన్ని కంపెనీలు అదుంటేనే రమ్మంటాయి, కొన్ని తీసుకున్నాక నేర్పిస్తాయి. ఏ కంపెనీ ఏ విమానాలు కొంటోందో చూసుకోకుండా తొందరపడి చేయిస్తే డబ్బు వృథా.

ఎంపికలో రాత పరీక్ష, కంప్యూటర్ మీద చెయ్యీ కన్నూ కలిసి పనిచేస్తున్నాయా అని చూసే పరీక్ష, నలుగురిలో మాట్లాడించడం, ఇంటర్వ్యూ, సిమ్యులేటర్ పరీక్ష ఇలా ఉంటాయి. అన్ని కంపెనీల్లో అన్నీ ఉండవు. ఇంటర్వ్యూలో మార్కులకన్నా "ఇలాంటి ఇబ్బంది వస్తే ఏం చేస్తావ్?" అనే ప్రశ్నలకే విలువ ఎక్కువ. ఖాళీగా ఉన్న రోజుల్లో చదువు మరిచిపోకుండా, ఫ్లయింగ్ క్లబ్బులో ఇన్‌స్ట్రక్టరుగా చేరినా గంటలు పెరుగుతాయి. మా పిల్ల అలాగే గట్టెక్కింది.

"సీటు ఇప్పిస్తాం" అనే ఏజెంట్లని గుమ్మం ఎక్కనివ్వకండి. 2011లో దొంగ మార్కుల షీట్లతో లైసెన్సులు తెచ్చుకున్న కొందరు పైలట్లని పట్టుకుని అరెస్టు చేశారు. డబ్బూ పోయింది, పేరూ పోయింది.

ఉద్యోగం వచ్చాక కంపెనీ మారడం మన ఆఫీసుల్లోలా తేలిక కాదు. 1500 గంటలు దాటాక పెద్ద లైసెన్సు, ఆపైన కెప్టెన్ పదవి. అయితే ప్రతి కంపెనీలో సీనియారిటీ వరస ఉంటుంది. మారితే కొత్తచోట వరస చివర్న నిలబడాలి. 2017 నుంచి డీజీసీఏ నిబంధన ప్రకారం కో-పైలట్ ఆరు నెలలు, కెప్టెన్ ఏడాది ముందు నోటీసు ఇవ్వాలి. పైగా శిక్షణ ఇచ్చినందుకు బాండు రాయించుకుంటారు. మధ్యలో మానేస్తే ఎంత కట్టాలో సంతకం పెట్టకముందే చదవమనండి.

కాగితాల సంగతి తల్లులే చూడగలరు. డీజీసీఏ కంప్యూటర్ నంబరుకి పది, ఇంటర్ మార్కుల లిస్టులు నిజమైనవేనని బోర్డు నుంచి ధృవీకరణ తేవాలి, దానికి రోజులు పడుతుంది. పదో తరగతి సర్టిఫికెట్లో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉండి, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటే అదో తలనొప్పి. ముందే సరిచేయించండి. పెళ్ళయ్యాక ఇంటిపేరు మార్చాలనే పట్టుదల అత్తవారికి ఉంటే, అమ్మాయి లైసెన్సు నుంచి మెడికల్ దాకా అన్నీ మార్చాల్సి వస్తుందని ముందే చెప్పండి. నడిపిన ప్రతి గంటా రాసి, సంతకాలు చేయించిన లాగ్‌బుక్కు మాత్రం బంగారంతో సమానం. దాన్ని జిరాక్సు తీయించి బీరువాలో పెట్టండి. ఇంటర్వ్యూకి వెళ్ళేటప్పుడు అసలుది సూట్‌కేసులో పడేయకుండా చేతిసంచిలో పెట్టుకోమనండి.