వలకు కన్నమా?

సంక్రాంతి వెళ్లాక నెల్లూరు తీరంలో తెల్లవారుజామున నడిస్తే, ఇసుక మీద ట్రాక్టరు చక్రం పోయినట్టు జాడ కనిపిస్తుంది. రాత్రి ఆలివ్ రిడ్లే తాబేలు వచ్చి వెళ్లిందన్నమాట. గుంత తవ్వి, వంద దాకా గుడ్లు పెట్టి, ఇసుక కప్పేసి సముద్రంలోకి జారుకుంటుంది. ఇంకో రోజు అదే ఒడ్డున ఉబ్బిపోయిన కళేబరం!

నీళ్లలో బతికే జీవి నీళ్లలోనే ఊపిరాడక చావడం విడ్డూరమే. తాబేలుకు చేపలా మొప్పలుండవు. గాలి కోసం పైకి రావాలి. మరబోట్లు గంటల తరబడి ఈడ్చే ట్రాల్ వలలో చిక్కిందా... అంతే.

దీనికి విరుగుడు ఉంది. పేరు టెడ్. వల చివరి సంచికి ముందు ఏటవాలుగా బిగించే ఇనుప చట్రం అది. రొయ్యలు కడ్డీల సందుల్లోంచి లోపలికి పోతాయి. తాబేలు చట్రానికి తగిలి, పక్కనున్న కన్నంలోంచి బయటపడుతుంది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన వలలకు తగ్గట్టు ఒకటి తయారుచేసింది కూడా. కానీ వలకు కన్నం పెట్టమంటే ఏ బోటు యజమాని ఒప్పుకుంటాడు? తాబేలు పోయే దారిలో పెద్ద చేపా పోతుంది, డీజిల్ ఖర్చు ఎవరిస్తారన్నది వాళ్ల ప్రశ్న. కొట్టిపారేసే ప్రశ్నేం కాదు.

టెడ్ లేని వలతో పట్టిన రొయ్యలు కొనకూడదని అమెరికా 1989లోనే చట్టం చేసింది. జంతు ప్రేమికులు కోర్టుకెక్కడంతో 1996లో అది అన్ని దేశాలకూ వర్తించింది. భారత్, మలేసియా, పాకిస్థాన్, థాయ్‌లాండ్ కలిసి ప్రపంచ వాణిజ్య సంస్థ తలుపు తట్టాయి. తాబేలును కాపాడాలనుకోవడం తప్పు కాదు, దేశానికో నీతి పాటించడమే తప్పు... 1998 తీర్పు సారాంశం ఇదే. కరీబియన్ దేశాలకు మూడేళ్లు గడువిచ్చిన అమెరికా, ఆసియా దేశాలకు ఇచ్చింది నాలుగు నెలలే మరి! మరుసటి ఏడాది సియాటిల్ వీధుల్లో నిరసనకారులు తాబేలు వేషాలు కట్టుకుని ఊరేగారు. 2019 నుంచి మన సముద్రపు రొయ్యలకు అమెరికా మళ్లీ తలుపు మూసింది. చెరువు రొయ్యలకు మాత్రం ఈ అడ్డు లేదు. నెల్లూరు జిల్లా నుంచి వెళ్లేవి ఎక్కువగా అవే కాబట్టి, ఎగుమతిదారులకు ఆ దెబ్బ పెద్దగా తగల్లేదు. వలల మీద ఒత్తిడీ రాలేదు.

ఇక బోగోలు మండలం జువ్వలదిన్నె సంగతి. ఇక్కడి మత్స్యకారులది చిన్న ఫైబర్ పడవల వేట. వాళ్ల గొడవ తాబేలుతో కాదు, తమిళనాడు వైపు నుంచి వచ్చే సోనాబోట్లతో. తీరం నుంచి ఎనిమిది కిలోమీటర్ల దాకా సముద్రం సంప్రదాయ వేటకే. పెద్ద బోట్లు ఆ గీత దాటొచ్చి ఈ పడవల వలలు తెంపుకుపోతున్నాయని ఏళ్ల తరబడి తగువు. బోట్లను పట్టుకుని ఒడ్డుకు తెచ్చిన సందర్భాలూ ఉన్నాయి. గుడ్లు పెట్టేందుకు తాబేళ్లు చేరేదీ ఆ నీళ్లలోకే. గీత దాటిన బోటు ఇద్దరికీ శత్రువే! జంతు ప్రేమికులూ పడవల వాళ్లూ ఒకే పక్షాన నిలబడాల్సిన చోటిది. కానీ తాబేలు పేరెత్తితే అటవీ శాఖ కేసు గుర్తొస్తుంది పడవల వాళ్లకి. వన్యప్రాణి చట్టంలో ఆలివ్ రిడ్లేది పులితో సమానంగా మొదటి షెడ్యూలు మరి.

జువ్వలదిన్నెలో దాదాపు 288 కోట్లతో ఫిషింగ్ హార్బర్ కట్టారు. సొంత రేవు ఉంటే పెద్ద బోట్లు కొనుక్కోవచ్చన్న ఆశ పుడుతుంది. ఆ బోట్లకు కట్టే వలల్లో టెడ్ ఉంటుందా అన్నది అసలు సంగతి. ఏటా వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు. అది చేపల సంతానం కోసం పెట్టింది. తాబేళ్లు ఎక్కువగా ఒడ్డుకొచ్చేది జనవరి నుంచి మార్చి మధ్య... బోట్లన్నీ వేటలో ఉండే రోజుల్లో.