జీవోత్పత్తి - ప్రయోగశాల

“ప్రయోగశాలలో జీవమును పుట్టించినారట, నిజమేనా?” అని రేపల్లె రైలులో వచ్చు విద్యార్థులు మమ్ము అడుగుచుందురు. విశ్వాసమునకు భంగమగునేమోయని కొందరు అడుగుటకే జంకుదురు. తెలుగు పాఠములు చెప్పు మాకు రసాయనశాస్త్రము పొరుగిల్లే. అయినను జరిగినదేదో, జరుగనిదేదో వేరుపరచి చెప్పదలచినాము.

1953లో షికాగో విశ్వవిద్యాలయమున హెరాల్డ్ యూరీ శిష్యుడు స్టాన్లీ మిల్లర్ గాజు పరికరమున నీటిని మరగించి, ఆ ఆవిరిని మీథేను, అమ్మోనియా, హైడ్రోజను వాయువులతో కలిపి, మెరుపులకు మారుగా విద్యుత్ స్ఫులింగములను వారము దినములు ప్రసరింపజేసెను. నీరు ఎర్రబారెను. అందు గ్లైసీను, అలనీను వంటి ఆమినో ఆమ్లములు కనబడినవి. ఇవి మాంసకృత్తులకు ఇటుకలు. ఇటుకలు పోగైనంత మాత్రమున మసీదు లేవదు గదా! పైగా, ఆదికాలపు వాతావరణము మిల్లర్ ఊహించినట్టిది కాదని తరువాతి శాస్త్రజ్ఞులు పలువురు తలచుచున్నారు.

1960లో జువాన్ ఓరో ఇంతకంటె వింత చూపెను. ప్రాణము తీయు సయనైడు నుండి అడెనీను అను పదార్థమును రాబట్టెను. ఈ అడెనీనుతో మన తెలుగువారికి బంధుత్వము కలదు. భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు 1929లో హార్వర్డున ఫిస్కేతో కలిసి కండరములనుండి ఏ.టి.పి.ని కనుగొనిరి. అదే యేట జర్మనీలో లోమన్ కూడ కనుగొనెను. ప్రతి జీవకణమున శక్తికి చెల్లుబాటగు నాణెమది. అందలి ఒక భాగమే అడెనీను. 1963లో సింహళమున పుట్టిన సిరిల్ పొన్నంపెరుమ, కార్ల్ సేగన్, రూత్ మారినర్ అను వారు అడెనోసీనును ఒక ఫాస్ఫరసు సమ్మేళనముతో కలిపి, అతినీలలోహిత కిరణములు సోకించి, ఆ ఏ.టి.పి.నే స్వల్పముగా పొందిరి.

జంకువారికి మా మనవి ఒక్కటే. సజీవమైన ప్రతిదానికి నీరే మూలమని మన గ్రంథమే చెప్పుచుండగా, ఆ నీటిలో ఏమి జరిగెనో వెదకుట తప్పెట్లగును?

అయితే సముద్రమంత నీటిలో కరిగి పలుచనైన పదార్థములు ఒకదానినొకటి కలిసికొనుట యెట్లు? బాపట్ల విద్యార్థులు సూర్యలంకలో చూచియుందురు: పోటునకు నిండిన గుంట ఎండినప్పుడు అంచున ఉప్పు పేరుకొనును. 2008లో సుధా రాజమణి, డేవిడ్ డీమర్ ప్రభృతులు చిన్న అణువులను కొవ్వు పదార్థముల తోడున పలుమార్లు తడిపి యెండింపగా, ఆర్.ఎన్.ఏ.ను పోలిన గొలుసులు ఏర్పడినవి.

అట్టి గొలుసు తనకు తానే నకలు చేసికొని, పొరలో ఇమిడి, సంతతిని పొందు స్థితికి వట్టి రసాయనములను నేటివరకు ఎవరును చేర్చలేదు. కావున “మిల్లర్ జీవమును సృష్టించెను” అని జవాబుపత్రమున వ్రాసినచో మార్కులు రావు.