శాతం చూసి బడిని తూచవచ్చునా?

పదో తరగతి ఫలితాలు వచ్చిన మరునాటి నుంచి ఊళ్లలో రచ్చకట్ట మీద ఒకటే ముచ్చట. ఫలానా బడికి నూటికి నూరు వచ్చిందట, మన హైస్కూలు ఎనభై ఐదు దగ్గరే ఆగిందట. జూన్ 12న బడులు తెరిచే నాటికి ఈ ముచ్చట కాస్తా టి.సి.ల దాకా వస్తుంది. పిల్లను ఎక్కడ వేయాలన్నది కూలికి పోయే ఇంటికి చిన్న సంగతి కాదు. ఒకసారి పొరపాటు పడితే దిద్దుకోవడానికి పిల్ల వయసు ఆగదు.

సర్కారు బడులే ఇప్పుడు నాలుగు రకాలు. జిల్లా పరిషత్ హైస్కూలు అందరికీ తెలిసిందే. కస్తూర్బా విద్యాలయాలు 2004 నాటి పథకం కింద వచ్చినవి. అవి ఆడపిల్లలకే. చదువు మధ్యలో ఆగిపోయినవారికి అక్కడ ముందు చోటు. 2013లో మొదలైన మోడల్ స్కూళ్లు కొన్ని మండలాల్లోనే ఉన్నాయి, చదువు ఇంగ్లీషులో. ఇక గురుకులాలకు పుట్టిల్లు మన ఉమ్మడి నల్గొండ జిల్లాయే. పి.వి. నరసింహారావు గారు ముఖ్యమంత్రిగా ఉండగా 1971 నవంబరులో సర్వేల్‌లో తొలి గురుకులం తెరిచారు. పల్లెల్లోని తెలివైన పేదపిల్లలను ఏరి, ఒకచోట ఉంచి చదివించాలన్నది ఆనాటి ఉద్దేశం. ఆ బడి ఎందరినో పెద్ద ఉద్యోగాలకు పంపింది. అందులో సందేహం లేదు.

అయితే "ఏరి" అన్న మాట దగ్గర కాసేపు ఆగాలి. గురుకులంలో ఐదో తరగతికి, మోడల్ స్కూల్‌లో ఆరో తరగతికి ప్రవేశ పరీక్ష ఉంటుంది. జిల్లా పరిషత్ బడికి ఆ వెసులుబాటు లేదు. కూడబలుక్కుని చదివే పిల్లవాడు వచ్చినా, ఇటుక బట్టీల పని ముగించుకుని తల్లిదండ్రులతో నడి ఏడాదిలో తిరిగొచ్చినా చేర్చుకోవలసిందే. ఏరుకున్న విత్తనానికీ, చేతికందింది చల్లిన విత్తనానికీ ఒకటే దిగుబడి అడిగితే ఏ రైతూ ఒప్పుకోడు. బడుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం మనం అదే అడుగుతున్నాం.

ఎందరు చేరారు, ఎందరు రాశారు?

నూరు శాతం లెక్కలో మరో కిటుకు ఉంది. ఒక బడిలో ఆరో తరగతిలో నలభై మంది చేరారనుకుందాం. పదికి వచ్చేసరికి ఇరవై రెండు మందే మిగిలారు, ఇరవై రెండు మందీ పాసయ్యారు. గేటుకు నూరు శాతం ఫ్లెక్సీ కడతారు. పక్క బడిలోనూ నలభై మందే చేరారు. ముప్పై ఎనిమిది మంది పరీక్ష రాశారు, ముప్పై నాలుగు మంది గట్టెక్కారు. ఆ బడికి తొంభై శాతం కూడా రాలేదు. కాని ఊరికి ఎక్కువ మందిని ఒడ్డున చేర్చిన బడి ఏది? మధ్యలో రాలిన ఆ పద్దెనిమిది మంది వేరే బడికి పోయారా, పత్తి ఏరడానికి పోయారా, పెళ్లి చేసి పంపారా అన్నది ఏ ఫ్లెక్సీ మీదా రాయరు. హాజరు పట్టీలో మాత్రం ఉంటుంది.

ఈ వ్యాసకర్త చదివిన హైస్కూల్లో రెండేళ్లపాటు లెక్కల సారు లేరు. తెలుగు సారే వచ్చి ఎక్కాలు చెప్పించి పోయేవారు. ఆయన తప్పు లేదు, ఆయనకు వచ్చింది ఆయన చెప్పారు. మా తరగతిలో తప్పినవాళ్లలో ఎక్కువ మంది లెక్కల్లోనే తప్పారు. ఊరంతా మమ్మల్ని మొద్దులన్నారు గాని, సారును ఎందుకు వేయలేదని అడిగినవారు లేరు. 2017 నోటిఫికేషన్ తర్వాత మన రాష్ట్రంలో మళ్లీ టీచర్ల నియామకాలు జరిగింది 2024లో. మధ్యలో ఖాళీగా ఉన్న కుర్చీల ముందు కూర్చుని చదివిన పిల్లల మార్కులను నిండుగా సార్లున్న బడితో పోల్చడం న్యాయం కాదు. కస్తూర్బాలకూ ఇబ్బందులు ఉన్నాయి. 2024 డిసెంబరులో సమగ్ర శిక్ష ఒప్పంద ఉద్యోగులు సమ్మెకు దిగినప్పుడు అక్కడ పాఠాలు కుంటుపడ్డాయి.

ఆడపిల్లల విషయంలో మార్కుల కన్నా దారి ముఖ్యం. నాలుగు కిలోమీటర్లు చెరువు కట్ట మీద నడవాలంటే ఎనిమిదో తరగతి తర్వాత చాలా ఇళ్లలో చదువు మాన్పించేవారు. 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ పల్లెవెలుగులో ఆడవాళ్లకు టికెట్ లేదు. కాని బస్సు ఊళ్లోకి వస్తేనే కదా ఆ సౌకర్యం. బడి వదిలే వేళకు బస్సు ఉందో లేదో తెలుసుకున్నాకే పేరు రాయించడం మంచిది.

చాలామంది ఎరగని సంగతి ఒకటుంది. ఎనిమిదో తరగతిలో ఎన్.ఎం.ఎం.ఎస్. అనే స్కాలర్‌షిప్ పరీక్ష ఉంటుంది. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏటా 12,000 రూపాయలు వస్తాయి. ఇంటి ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు. ఇంటి నుంచి పోయి చదివే సర్కారు బడి పిల్లలకే ఇది, గురుకులంలో ఉండి చదివేవారికి లేదు. బాసర ట్రిపుల్ ఐటీ సీట్లలో కూడా ఇలాంటి బడుల పిల్లలకు అదనపు స్కోరు కలుపుతూ వచ్చారు. ఊరి బడి నుంచి బిడ్డను తీసేముందు ఈ లెక్క కూడా వేసుకోవాలి.

అందుకని పేరు రాయించే రోజున హెడ్మాస్టరు గారిని శాతం అడగవద్దు. ఐదేళ్ల కింద ఆరులో ఎందరు చేరారు, మొన్న పది ఎందరు రాశారు, ఏ సబ్జెక్టుకు సారు లేరు, ఎన్.ఎం.ఎం.ఎస్.కు ఎందరిని కూర్చోబెట్టారు అని అడగండి. జవాబు చెప్పడానికి ఆయన రిజిస్టరు తీయవలసి వస్తుంది, తీయనివ్వండి. 2024లో ఏర్పడిన అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీల్లో మన ఊళ్ల మహిళా సంఘాల వాళ్లే ఉన్నారు. బడికి నల్లా, మరుగుదొడ్డి పనులు చూస్తున్న ఆ అక్కలు ఆ రిజిస్టరు కూడా ఒకసారి అడిగి చూస్తే, రాలిపోయిన పిల్లల ఇళ్లు వాళ్లకు తెలియనివేమీ కావు.