కంప్యూటరు మొరాయించినచో ముందు చూడవలసినవి

గ్రామ పంచాయతీ లెక్కలు నేడు కంప్యూటరులోనికి చేరినవి. 2020 ఏప్రిల్ 24న ఈ-గ్రామ స్వరాజ్ ప్రారంభమైన పిదప పంచాయతీ ప్రణాళికలు, జమాఖర్చులు అందు నమోదగుచున్నవి. కార్యాలయములోని పాత కంప్యూటరు ఒక ఉదయమున పని ప్రారంభింపకున్నచో వీధిదీపముల ఖర్చు మొదలు మోటారు మరమ్మతు బిల్లు వరకు అన్నియు నిలిచిపోవును.

కొత్తచెరువు వంటి మెట్ట ప్రాంతములలో వేసవి దుమ్మును, ఎండవేడిమియు, కరెంటు హెచ్చుతగ్గులును పాత యంత్రములకు శత్రువులు. అయినను యంత్రము వెలుగనంత మాత్రమున అది పూర్తిగా చెడినదని తలపరాదు. బోరుమోటారు తిరుగనప్పుడు రైతు వెంటనే దానిని పైకి లాగింపడు. ముందు ఫ్యూజు, స్టార్టరు చూచును. ఇచ్చటను అదియే పద్ధతి.

మొదట కరెంటు. దీపము వెలుగక, ఫ్యాను తిరుగకున్నచో, అదే ప్లగ్గులో సెల్‌ఫోను చార్జరు పెట్టి కరెంటు వచ్చుచున్నదేమో చూడవలెను. యూపీఎస్ బ్యాటరీ కొన్ని ఏండ్లకు సత్తువ కోల్పోవును గనుక, యంత్రమును తిన్నగా గోడ ప్లగ్గునకు తగిలించి పరీక్షింపవలెను. పెట్టె వెనుకనున్న స్విచ్చిని మరువరాదు. అప్పటికిని కదలిక లేనిచో లోపము తరచు ఎస్ఎంపీఎస్ లోనుండును. ఇది 230 వోల్టుల కరెంటును 12, 5, 3.3 వోల్టులకు తగ్గించు పెట్టె. ప్లగ్గు తీసిన పిదపను దీనిలో విద్యుత్తు నిలిచియుండవచ్చును. దీనిని ఎవరును విప్పరాదు, మెకానిక్కుచే మార్పింపవలెను.

రెండవది, ఫ్యాను తిరుగుచున్నను తెర నల్లగా నుండుట. ముందు తెరకు సంబంధించిన తీగలు బిగించి చూడవలెను. బీప్ బీప్ మను శబ్దము పదే పదే వచ్చినచో అది లోపమును తెలుపు సంకేతము. పెక్కుమారులు ర్యామ్ వదులగుటయే కారణము. ప్లగ్గు తీసి, పెట్టెలోని ఇనుప భాగమును తాకి, ర్యామ్ పలకను తీసి, దాని పసుపు అంచులను పెన్సిలు రబ్బరుతో మెల్లగా రుద్ది, తుడిచి, తిరిగి గట్టిగా అమర్చవలెను.

మూడవది, తేదీ ఏండ్ల వెనుకకు పోవుట. లోపలనున్న నాణెము వంటి 3 వోల్టుల బ్యాటరీ అయిపోయినదని దీని అర్థము. తేదీ తప్పినచో ప్రభుత్వ వెబ్‌సైటులు సైతము తెరచుకొనకపోవచ్చును. ఈ బ్యాటరీ వెల స్వల్పము.

నాల్గవది మిక్కిలి ముఖ్యము. హార్డ్ డిస్కు కనబడుట లేదని తెరపై వచ్చినను, లోపల టకటక శబ్దము వినబడినను యంత్రమును వెంటనే ఆపవలెను. మాటిమాటికి వేసి చూచినచో నష్టము పెరుగును. వెబ్‌సైటులో నమోదైన లెక్కలు దూరమందలి సర్వరులలో నుండును. కాని కార్యాలయమున టైపు చేసిన తీర్మానములు, ఇంటిపన్ను జాబితాలు, ఉత్తరములు ఆ డిస్కులోనే యుండును. ఫార్మాటు చేసిన బాగగునని మెకానిక్కు చెప్పినను, వానిని వేరొకచోటికి ఎక్కించువరకు అంగీకరింపరాదు. యంత్రము చెడినను డిస్కు బాగుగా నున్నచో, దానిని మరొక కంప్యూటరునకు తగిలించి చదువవచ్చును.

కావున సభ్యులకు మేము సూచించునది యిది. వచ్చు సమావేశమందే తీర్మానించి, వారమునకొకసారి ముఖ్యమైన ఫైళ్లకు వేరొక డిస్కుపై ప్రతి తీయుటకు ఒకరిని నియమింపుడు. ప్రతి తీసిన తేదీని రిజిస్టరులో వ్రాయింపుడు. యంత్రము పోయినచో మరొకటి కొనవచ్చును. ప్రతి లేని లెక్కలు పోయినచో ఏ అంగడిలోను దొరకవు.