కందిపప్పుకు అడవిలో చుట్టం



బోరబండలోని మన హాస్టల్ మెస్‌లో పప్పో, సాంబారో లేనిదే భోజనం పూర్తికాదు. ఆ కందిపప్పుకు కొండ అడవుల్లో ఒక దగ్గరి చుట్టం ఉన్న సంగతి మనలో చాలామందికి తెలియదు. దాని గురించి నాలుగు మాటలు తెలుసుకుందాం.

తూర్పు కనుమల్లో, ఒడిశా, బస్తర్ కొండ అడవుల్లో పెరిగే ఈ మొక్కను శాస్త్రజ్ఞులు 'కజానస్ కజానిఫోలియస్' అంటారు. కంది ఆకుల వంటి ఆకులు గలది అని అర్థం. మనం అడవికంది అనుకుందాం. ఇది బఠాణీ, చిక్కుడు కుటుంబానికి చెందినది. ఒక్క కాపుతో చచ్చిపోదు, కొన్నేళ్ళు బతికే పొద. పసుపుపచ్చని పూలతో అచ్చం కందిచెట్టులాగే ఉంటుంది. తేడా ఏమిటంటే, దీని గింజ కంటి దగ్గర చిన్న బుడిపె ఉంటుంది. కాయ ఎండగానే పగిలి గింజలు చెదిరిపోతాయి.

అడవిలో వంశం వ్యాపించడానికి ఆ గుణం మంచిదే. రైతుకు మాత్రం నష్టం. అందుకే వేల ఏళ్ళ క్రితం మన పూర్వీకులు కాయ పగలని మొక్కల గింజలే దాచి విత్తుకుంటూ వచ్చారు. అలా అడవికంది నుంచే మన కంది వచ్చిందని శాస్త్రజ్ఞుల అభిప్రాయం.

మరి పంట చేతికొచ్చాక అడవిమొక్కతో పనేమిటి? ఇక్కడే అసలు విషయం ఉంది. కందిపూవులో ఆడ, మగ భాగాలు రెండూ ఉంటాయి. సంకరజాతి విత్తనం పెద్దఎత్తున తయారుకావాలంటే తల్లిమొక్కకు సొంత పుప్పొడి ఉండకూడదు. 1972లో పటాన్‌చెరులో ఏర్పడిన ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు అడవికందిని తల్లిగా, సాగుకందిని తండ్రిగా పెట్టి సంకరం చేశారు. ఆ సంతతిని మళ్ళీమళ్ళీ సాగుకందితో కలపగా పుప్పొడి లేని కందిమొక్కలు దొరికాయి. తల్లి నుంచి మాత్రమే బిడ్డకు వచ్చే కణద్రవ్యంలో ఉంది ఆ గుణం. పక్కన వేసిన మరో రకం పుప్పొడిని తేనెటీగలు వాటికి చేరవేస్తాయి. ఈ పద్ధతిలో తయారైన ఐసీపీహెచ్ 2671 రకం 2010లో మధ్యప్రదేశ్‌లో విడుదలైంది. 2015లో 'మన్నెంకొండ కంది' తెలంగాణకు వచ్చింది.

ఎరువు వేసినవారు లేరు, నీరు పెట్టినవారు లేరు. అయినా పొలంలోని కందికి లేని గుణాన్ని ఆ పొద దాచి ఉంచింది. ఇక్రిశాట్ జన్యుబ్యాంకులో కంది, దాని బంధువుల విత్తనాలు భద్రంగా ఉన్నాయి. కానీ చలిగదిలోని గింజ నిద్రపోతూ ఉంటుంది. అడవిలోని మొక్క ఎండకు, పురుగుకు, తెగులుకు తట్టుకుంటూ ఏటేటా మారుతూ ఉంటుంది. గనుల కోసమో, రోడ్ల కోసమో కొండను తవ్వినప్పుడు చెట్లు లెక్కకు వస్తాయి, ఇలాంటి పొదలు రావు. సెలవులకు ఊరికి వెళ్ళినప్పుడు గుట్ట మీది మొక్కలను పిచ్చికంప అని తీసిపారేయకుండా, వాటి పేర్లు పెద్దలను అడిగి రాసుకుందాం. మన పళ్ళెంలోని పప్పు రుణం కొంతైనా తీరుతుంది.