పెత్తనమును నేర్పును

వంశధారా నదీతీరమున వెలసిన శ్రీముఖలింగము ఒకప్పుడు కళింగనగరమను పేర తూర్పు గాంగరాజులకు రాజధానియై యుండెను. మధుకేశ్వరస్వామిని దర్శింపబోవు సోదరీమణులు ఆ రాజుల కాలపు శాసనములను నేటికిని అచ్చట చూడవచ్చును. రాజ్యము తండ్రినుండి కుమారునకు సంక్రమించుట పూర్వపు మర్యాద. కాని అట్లు సంక్రమింపని వస్తువొకటి కలదు. అది నేర్పు. ఇందుకు నిదర్శనముగా ఆ సీమకు చేరువనున్న విజయనగర సంస్థానపు రాకుమారు డొకడు నడపిన క్రికెట్టు జట్టు కథను మా పాఠకురాండ్రకు జెప్పదలచితిమి. "ఆటల గొడవ మాకేల?" యని పుట త్రిప్పివేయవలదని మనవి. ఇది ఎంత యాటకథయో అంత యింటికథయు నగును.

విజయనగర మహారాజకుమారుడగు విజయానంద గజపతిరాజు 1905లో జన్మించెను. లోకమాయనను "విజ్జీ" యని ముద్దుపేరున పిలిచినది. సంస్థానమువారికి కాశీలో ఆస్తులుండుటచే ఆయన అచ్చట నివసించి, తన భవనపు ఆవరణముననే ఆటస్థలము నేర్పరచుకొనెను. 1930-31లో ఇంగ్లండు జట్టు మన దేశమునకు వచ్చుట మానుకొనగా, ఆయన స్వంత సొమ్ము వెచ్చించి యొక జట్టును గూర్చెను. ఆ దేశపు మేటి యాటగాండ్రగు హాబ్సు, సట్‌క్లిఫ్ అనువారిని రప్పించి భారతదేశమునను సింహళమునను ఆడించెను. ఆటపై ఆయనకు గల ప్రేమ నిజమైనదే. అంతవరకు మెచ్చుకొనవలసినదే.

1936లో మన జట్టు ఇంగ్లండునకు పోవలసియుండెను. నాయకుడుగా మొదట నెన్నుకొనబడిన పటౌడీ నవాబు ఆరోగ్యము చాలదని విరమించుకొనగా, ఆ పదవి విజ్జీకి దక్కెను. అదే జట్టులో 1932లో మన దేశపు మొదటి టెస్టు నాయకుడై పేరొందిన సి. కె. నాయుడుగారుండిరి. ఆయన నాగపురమున స్థిరపడిన తెలుగు కుటుంబమువారు. ఆట తెలిసినవారు పెక్కుమందియుండగా, పెత్తనము మాత్రము ఆట అంతగా రానివాని చేత బడెను.

క్రికెట్టులో జట్టునకు పదునొకండుగురు. ఎవరు ముందు ఆడవలెనో, ఎవరు వెనుక ఆడవలెనో నాయకుడే నిర్ణయించును. ఇల్లాలు ఎవరికెప్పుడు వడ్డింపవలెనో నిర్ణయించినట్లే యనుకొనుడు. లాలా అమర్‌నాథ్ అను యువకుడు ఆ యేడు జట్టులో మేటిగా నాడుచుండెను. ఎసెక్సు జట్టుపై రెండు వంతులలోను నూరేసి పరుగులు దాటెను. తరువాత లార్డ్సు మైదానమున జరిగిన యొక పోటీలో నాయకుడాతనిని ఆటకు సిద్ధముగా నుండుమని చెప్పి, కాళ్లకు మెత్తలు కట్టించి, అతని వంతునకు ఇతరులను వెంటవెంట బంపుచు కూర్చుండబెట్టెను. దినము ముగియుచుండగా నాతనికి వంతు వచ్చెను. తిరిగివచ్చి అతడు కోపము పట్టజాలక తన సామాను విసరివైచి పంజాబీలో నాలుగు మాటలనెను. మొదటి టెస్టు పోటీ జరుగకమున్నే నాయకుడును, జట్టు మేనేజరును అతనిని ఓడ యెక్కించి యింటికి పంపివేసిరి.

ఆ జూన్ నెలలోనే లార్డ్సున మొదటి టెస్టు జరిగెను. మొదటి వంతున మనవారు 147 పరుగులు తీయగా, అమర్‌సింగ్ ఆరు వికెట్లు పడగొట్టి ఇంగ్లండును 134 పరుగులకే నిలిపెను. గెలుపు చేతికందునట్లు తోచెను. కాని రెండవ వంతున మనవారు 93 పరుగులకే కూలి, తొమ్మిది వికెట్ల తేడాతో నోడిరి. మాంచెస్టరులో 368 పరుగులు వెనుకబడియు, విజయ్ మర్చంటు 114, ముస్తాక్ అలీ 112 పరుగులు తీసి, తామిద్దరే 203 పరుగులు కూడబెట్టి జట్టు పరువు నిలిపిరి. మర్చంటును కావలెనని ఔటు చేయింపుమని నాయకుడు ముస్తాక్ చెవిలో నూదెననియు, ముస్తాక్ ఆ మాట మర్చంటునకే చెప్పి నవ్వుకొనెననియు చెప్పుకొందురు. ఆ పోటీలోనే నలువది యేండ్ల వయసున మొదటిసారి టెస్టు ఆడిన మదరాసు వాస్తవ్యుడు, తెలుగువాడు నగు కోటా రామస్వామి 40, 60 పరుగులు తీసెను. ఆగస్టులో ఓవల్ మైదానమున మరల తొమ్మిది వికెట్ల ఓటమియే. మూడు టెస్టులలో నాయకుడు తీసిన పరుగులు మొత్తము 33. అయినను ఆయన ఆ వేసవిలోనే సర్ బిరుదమును బొందెను!

తిరిగివచ్చిన పిదప బ్యూమాంటు అను న్యాయాధిపతి అధ్యక్షతను విచారణ జరిగి, అమర్‌నాథ్ నిర్దోషి యనియు నాయకత్వమే చెడెననియు తేల్చిరి. కాని ఓడలో నొంటరిగా గడపిన దినములను ఏ తీర్పు తిరిగి ఈయగలదు? నడుమ యుద్ధము వచ్చుటచే అమర్‌నాథ్ మరల టెస్టు ఆడుటకు పదియేండ్లు పట్టెను. 1947-48లో ఆతడే మన జట్టునకు నాయకుడై ఆస్ట్రేలియాకు బోయెను.

విజ్జీని దూషించుట మా యుద్దేశము గాదు. తరువాత ఆయన క్రికెట్టు బోర్డునకు అధ్యక్షుడై, ఆటకు నిజముగా నుపకరించెను. 1965లో కాలధర్మము నొందెను. విశ్వవిద్యాలయముల విద్యార్థులు ఆడు విజ్జీ ట్రోఫీ ఆయన పేరిటిదే. నిర్వాహకుడుగా రాణించినవాడు నాయకుడుగా రాణింపలేదు. తనకు దగిన చోటున నున్నప్పుడు మనుష్యుడు మంచివాడుగానే కనబడును.

మన యిండ్లలో నిట్టి జట్టులెన్ని లేవు? వంట తెలిసిన కోడలిని కూర్చుండబెట్టి, తెలియనివారు ఉప్పుపులుసులు నిర్ణయించుట లేదా? చదువుకొన్న చిన్నకోడలు లెక్కలు చూడగలిగియుండియు, పెద్దరికము పేరిట నామెచే చీటిముక్క ముట్టనీయరు. ఆమె "సిద్ధముగా నుండుము" అను మాటతో ఏండ్లు గడపి, ఒకనాడు సహింపజాలక గిన్నె విసరినచో, అందరును ఆ గిన్నెచప్పుడునే విందురు గాని అంతకు ముందటి నిరీక్షణమును లెక్కింపరు. అమర్‌నాథ్ కోపము తప్పే. కాని దానికంటె పెద్దతప్పు దానికి ముందే జరిగినది.

పెద్దలను గౌరవింపవలదని మేమనుట లేదు. పెద్దరికమునకు అందమైన పని యొకటి కలదు: ఎవరికేది చేతనగునో కనిపెట్టి, వారికది యప్పగించి, వారు గెలిచినప్పుడు సంతోషించుట. నేడు మన యాడుబిడ్డలును ఈ యాట నాడుచున్నారు. 2025లో ప్రపంచ కప్పు గెలిచిన భారత మహిళల జట్టులో కడప జిల్లా బాలిక శ్రీచరణి కలదు. పల్లెటూరి పిల్ల చేతికి బంతి నిచ్చి, నీవంతు వచ్చినదని చెప్పినవారుండుట చేతనే గదా ఆమె యంత దూరము పోగలిగినది! మన యింట ఎవరి వంతు ఇంకను రాక కూర్చుండియున్నదో, పాఠకురాండ్రు ఈ సాయంకాలమే యొకమారు కలయజూచెదరు గాక.