ఇంట్లో రౌటరు – రెండు తాళాల కథ

“ఏటిరా, పిల్లలకి నా పాఠం మొహం మొత్తేసిందేటి?” అని అమ్మ అడిగిన రోజున నాకు వెంటనే జవాబు తోచలేదు.

మాది బరంపురం. అమ్మకు ఎనభై దాటాయి. ప్రతి ఆదివారం సాయంత్రం ఆరు గంటలకు ఆవిడ పెరటివైపు గదిలో ఫోను ముందు కూర్చుని ముగ్గురు పిల్లలకు తెలుగు అక్షరాలు నేర్పుతుంది. సోలాపూరులో మా అప్ప మనవరాలు బడిలో మరాఠీ చదువుతుంది. హోసూరులో మా తమ్ముడి కూతురిది తమిళం. బెంగళూరులో మా అబ్బాయి కొడుకుది కన్నడం. ముగ్గురూ ఇంట్లో తెలుగు గలగలా మాట్లాడతారు. రాయమంటే మాత్రం తెల్లమొహం వేస్తారు. మన సంఘం కుటుంబాలకు ఇది కొత్త సంగతేమీ కాదు. ఆ లోటు తీర్చాలని అమ్మ తనంతట తాను పెట్టుకున్న బడి అది.

గుణింతాల దాకా బాగానే సాగింది. ఆ తర్వాత బొమ్మ ఆగిపోవడం మొదలైంది. పిల్లల మొహాలు నోరు తెరిచి ఉండగానే బిగుసుకుపోయేవి, కాసేపటికి మాయమైపోయేవి. పిల్లలే విసుగొచ్చి కట్టేస్తున్నారని అమ్మ అనుకుంది. “ఈ వారం వద్దులే, ఆడుకోనీ” అని రెండు ఆదివారాలు తనే మానేసింది. మూడోసారి ఆ మాట విన్నాక, ఇక ఊరుకుంటే ఆ బడి మూతపడుతుందని నాకు భయం వేసింది.

కంపెనీవాళ్ళకు ఫిర్యాదు చేశాను. మర్నాడే ఒక ఒడియా కుర్రాడు వచ్చి, వీధి గదిలో టీవీ వెనక ఉన్న పెట్టె పక్కన నిలబడి ఫోనులో వేగం కొలిచి చూపించాడు. మేము కట్టేది 100 మెగాబిట్లకు. 94 వస్తోంది. “లైను బాగానే ఉంది సార్” అన్నాడు. అతని మాట నిజమే. అదే ఫోను పట్టుకుని అమ్మ గదిలోకి నడిచి కొలిస్తే 3 వచ్చింది, ఒక్కోసారి అదీ లేదు. ఒక వీడియో పిలుపుకు రెండు మూడు మెగాబిట్లు చాలుగాని, అవి నిలకడగా రావాలి. అంటే లోపం వీధిలో లేదు, మా ఇంట్లోనే ఉంది.

పొడుగాటి ఇంటి కష్టాలు

మా పాత వీధుల ఇళ్ళు ఎలా ఉంటాయో చూసినవారికి తెలుసు. పక్కిళ్ళతో గోడలు కలిసిపోయి, అరుగు నుంచి పెరటి దాకా రైలుపెట్టెల్లా ఒకదాని వెనక ఒకటి గదులు. వీధి గది, మధ్య గది, దేవుడి గది, వంటిల్లు, ఆ వెనక అమ్మ గది. నడుమ నాలుగు మందపాటి గోడలు. కంపెనీ తీగ వీధివైపు నుంచి వస్తుంది కాబట్టి పెట్టె వీధి గదిలోనే పెట్టారు. నేను దాన్ని టీవీ వెనక నేలమీద, ఇనుప బీరువాను ఆనించి ఉంచాను. కంటికి కనబడకపోతే గది అందంగా ఉంటుందని నా ఉద్దేశం!

వైఫై అంటే రేడియో తరంగాలే. ఇనుము వాటిని తిప్పికొడుతుంది. మందపాటి గోడ, నీళ్ళ తొట్టె కొంత మింగేస్తాయి. పెట్టె ఎత్తుగా, ఆరుబయటగా, ఇంటి నడిమికి దగ్గరగా ఉండాలి. ఇప్పటి పెట్టెలు రెండు తరగతుల తరంగాలు పంపుతాయి. 2.4 గిగాహెర్ట్‌జ్ తరంగం దూరం పోతుంది, గోడలు దాటుతుంది, కాని నెమ్మది. పైగా మైక్రోవేవు పొయ్యి, బ్లూటూత్ సామాన్లు, ఇరుగుపొరుగు వైఫైలు అన్నీ ఆ సందులోనే తిరుగుతాయి. 5 గిగాహెర్ట్‌జ్ వేగం గలది, కాని గోడ అడ్డమొస్తే త్వరగా నీరసిస్తుంది.

అసలు రౌటరు చేసే పనేమిటి? 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ మన దేశంలో జనానికి ఇంటర్నెట్టు ఇచ్చిన కాలంలో ఇంటికి ఒక తీగ, ఒక కంప్యూటరు. పంచిపెట్టే పనే లేదు. ఇప్పుడు ఒక్క తీగ మీద ఆరేడు సామాన్లు బతకాలి. మా బ్యాంకు శాఖకు వచ్చే ఉత్తరాలన్నీ ఒకే చిరునామాకు వస్తాయి. వాటిని విప్పి ఏ బల్లకు చేరవలసింది ఆ బల్లకు పంపేవాడు ఒకడుంటాడు. ఇంట్లో ఆ ఉద్యోగం రౌటరుది. ఇంట్లోని ప్రతి సామానుకు అది ఒక నంబరు కూడా ఇస్తుంది.

జాబితాలో పద్నాలుగు

పెట్టెను తిరగేస్తే అడుగున ఒక చీటీ అంటించి ఉంది. దానిమీద 192.168.1.1 అని ఒక అంకెల వరుస, ఒక పేరు, ఒక పాస్‌వర్డు. ఆ అంకెలను ఇంటి వైఫైకి కలిసి ఉన్న కంప్యూటరులో, వెబ్‌సైటు పేరు కొట్టే చోట కొడితే రౌటరు లోపలి పేజీ తెరుచుకుంటుంది. కొన్ని పెట్టెలలో అది 192.168.0.1గా ఉంటుంది. తలుపు తెరవడానికి పేరు “అడ్మిన్”, పాస్‌వర్డు కూడా “అడ్మిన్”. కొన్ననాటి నుంచీ అదే.

లోపల, ఇంటికి కలిసి ఉన్న సామాన్ల జాబితా చూశాను. పద్నాలుగు ఉన్నాయి. మా ఇంట్లో లెక్కపెడితే ఆరు. మిగతా ఎనిమిది ఎవరివి?

దొంగలెవరూ రాలేదు. తాళం ఇచ్చినవాణ్ణి నేనే. 2020లో బడులు మూసినప్పుడు పక్కింటి కుర్రవాడు ఫోనులో పాఠాలు వినడానికి మా వైఫై పాస్‌వర్డు అడిగితే ఇచ్చాను. ఇవ్వడం తప్పు కాదు, ఇప్పుడైనా ఇస్తాను. కాని ఆ తర్వాత ఒక్కసారీ మార్చలేదు. అతని దగ్గర నుంచి అది వాడి స్నేహితులకు, వాళ్ళ అన్నలకు పాకింది. బ్యాంకులో ఒక అధికారి బదిలీ అయితే తాళాలు ఎవరికి అప్పగించారో రిజిస్టరులో రాసి సంతకాలు పెట్టనిదే అతన్ని కదలనివ్వం. ఖాతాదారులకు “పాస్‌వర్డు ఎవరికీ చెప్పకండి” అని రోజూ చెప్పే నోరు నాది. ఆ సాయంత్రం కాస్త సిగ్గుపడ్డాను.

రెండు తాళాలు

చాలామంది ఒకటే అనుకునేవి నిజానికి రెండు పాస్‌వర్డులు. వైఫై పాస్‌వర్డు వీధి తలుపు తాళం. ఇంట్లోవాళ్ళందరి దగ్గరా ఉంటుంది. అడ్మిన్ పాస్‌వర్డు ఇనప్పెట్టె తాళం. అది చేతిలో ఉన్నవాడు మొదటి తాళాన్ని కూడా మార్చగలడు.

ఇవి అశ్రద్ధ చేస్తే ఏమవుతుందో చెప్పడానికి మూడు ఉదాహరణలు చాలు. 2016లో ‘మిరాయ్’ అనే దుష్ట ప్రోగ్రాము, తయారీదారు పెట్టిన 60కి పైగా పేరు–పాస్‌వర్డు జతలను వరసగా ప్రయత్నిస్తూ లక్షలాది కెమెరాలను, రౌటర్లను వశం చేసుకుంది. ఆ ఏడాది అక్టోబరు 21న వాటితో జరిపిన దాడికి పెద్ద పెద్ద వెబ్‌సైట్లు గంటల తరబడి అందకుండా పోయాయి. 2018లో బ్రెజిల్ దేశంలో ఇళ్ళలోని రౌటర్ల అమరికలు మార్చి, బ్యాంకు పేరు కొట్టినవారిని నకిలీ పేజీకి మళ్ళించారు. అటువంటప్పుడు కంప్యూటరు “ఈ పేజీ భద్రమైనది కాదు” అని హెచ్చరిస్తుంది. దాన్ని తోసిపుచ్చి ముందుకు పోకూడదు. ఇక మన దేశంలోనే, 2008 జూలై 26న అహమ్మదాబాదులో బాంబులు పేలడానికి కాస్త ముందు వచ్చిన బెదిరింపు ఈమెయిలు, నవీ ముంబయిలో ఒక ఇంటి వైఫై నుంచి వెళ్ళినట్టు తేలింది. ఆ ఇంటాయనకు దానితో సంబంధం లేదు. వైఫైకి తాళం లేదు, అంతే. పోలీసులు మొదట వెళ్ళింది మాత్రం ఆయన తలుపు దగ్గరికే.

నేను చేసిన పని, చేసిన తప్పు

మొదట తప్పు చెబుతాను. తొందరలో పెట్టె వెనక చిన్న బెజ్జంలో పిన్ను గుచ్చి పది సెకన్లు నొక్కాను. అన్నీ కొత్తగా మొదలవుతాయనుకున్నాను. మొదలయ్యాయి! కంపెనీవాళ్ళు లోపల పెట్టిన అమరికలు కూడా తుడిచిపెట్టుకుపోయి, రెండు రోజులు ఇంట్లో ఇంటర్నెట్టు లేదు. కంపెనీ ఇచ్చిన పెట్టెను అలా నొక్కకండి. నొక్కవలసి వస్తే లోపలి పేజీలోని వివరాలను ముందుగా ఫొటో తీసి ఉంచుకోండి.

ఆ తర్వాత వరసగా చేసినవి ఇవి. అడ్మిన్ పాస్‌వర్డు మార్చాను. వైఫై పాస్‌వర్డు మార్చి, ఒకదానికొకటి సంబంధం లేని నాలుగు మాటలు కలిపి పొడుగ్గా పెట్టాను. భద్రత అన్నచోట డబ్ల్యూ.పి.ఎ.3 ఉంటే అది, పాత ఫోన్లు కలవకపోతే డబ్ల్యూ.పి.ఎ.2 ఎంచుకోవాలి. మరీ పాతదైన డబ్ల్యూ.ఇ.పి. పనికిరాదు. డబ్ల్యూ.పి.ఎస్. అనే సౌకర్యం ఆపేశాను. దాని ఎనిమిదంకెల పిన్నును 11,000 ప్రయత్నాల లోపలే కనిపెట్టవచ్చని 2011లోనే బయటపడింది. రిమోట్ మేనేజ్‌మెంట్ అనేదీ ఆపాను. మన ఇంటి ఇనప్పెట్టెను వీధిలోంచి తెరిచే సదుపాయం మనకెందుకు? రౌటరు లోపలి సాఫ్ట్‌వేరుకు కొత్తది వచ్చి ఉంటే వేసుకోమన్నాను. వచ్చేపోయేవారికి ‘గెస్ట్’ పేరుతో విడి వైఫై పెట్టాను. పండక్కి వచ్చిన చుట్టాలకు అది ఇస్తే, వాళ్ళ మర్యాదకూ లోటు ఉండదు, మన లోపలి సామాన్లూ వాళ్ళకు తగలవు.

పక్కింటికి వెళ్ళి పాస్‌వర్డు మార్చానని, పరీక్షలకు చదువుకునే అమ్మాయికి కావలిస్తే గెస్ట్ వైఫై వాడుకోవచ్చని, ఇంకొకరికి మాత్రం చెప్పవద్దని నేనే చెప్పి వచ్చాను. ఆ ఇంటాయన “మాకు తెలీదు బాబూ, మావాడు ఊరంతా పంచాడా!” అని నొచ్చుకున్నాడు.

ఇక అమ్మ గది. రెండో రౌటరు ఒకటి కొని, మొదటిదానికి నెట్‌వర్కు కేబులు కలిపి, దూలాల వెంబడి వంటింటి దాకా లాగించాను. ఆ కేబులు 100 మీటర్ల దాకా పనిచేస్తుంది. మాకు పాతిక చాలింది. ఇక్కడ ఒక మెలిక ఉంది. సామాన్లకు నంబర్లిచ్చే పని రెండు పెట్టెలూ చేయకూడదు. ఒకే కౌంటరుకు ఇద్దరు బంట్రోతులు విడివిడిగా టోకెన్లు ఇస్తే ఎంత గలాభానో అంత. అందుకే రెండోదానిలో డి.హెచ్.సి.పి. అనేది ఆపి, దాని చిరునామాను 192.168.1.2గా మార్చాలి. చాలా కొత్త రౌటర్లలో ‘యాక్సెస్ పాయింట్’ అని ఎంచుకుంటే ఈ నంబర్లిచ్చే పని తనంతటే ఆగిపోతుంది. రెండింటికీ ఒకే వైఫై పేరు, ఒకే పాస్‌వర్డు పెడితే, ఫోను పట్టుకుని నడిచేవారు మాటిమాటికీ మార్చుకోనక్కరలేదు.

బీరువా పక్కనుంచి మొదటి పెట్టెను తీయించి గోడమీద ఎత్తుగా పెట్టించాను. కరెంటు పోయినా పాఠం ఆగకుండా ఒక్కో పెట్టెకు ఒక్కో చిన్న యు.పి.ఎస్. తగిలించాను. పెట్టె అడాప్టరు మీద ఎన్ని వోల్టులని రాసి ఉందో చూసి దానికి తగినదే కొనాలి. సాధారణంగా అది 12 ఉంటుంది. అమ్మ గదిలో ఇప్పుడు 60కి పైగా వస్తోంది.

ఇంటి పుస్తకంలో ఒక పేజీ

నేను ఊళ్ళో లేనప్పుడు ఇది చెడితే ఎలా? పాల లెక్క రాసే పుస్తకంలో చివరి పేజీ తీసి, నేను చెబుతుంటే అమ్మే తెలుగులో రాసింది. ‘లాస్’ అని ఉన్న దీపం ఎర్రగా వెలిగితే బయటి తీగ తెగింది, కంపెనీకి ఫోను చేయాలి. ‘పాన్’ దీపం పచ్చగా నిలకడగా ఉంటే తీగ బాగుంది, పెట్టెను ఆపి, నిమిషం ఆగి మళ్ళీ వెయ్యాలి. బ్యాంకు డబ్బు మోసం ఏదైనా జరిగిందనిపిస్తే వెంటనే 1930కి ఫోను చేయాలి. అడ్మిన్ పాస్‌వర్డు వేరే కాగితం మీద రాసి, కవరులో పెట్టి అంటించి, ఇంటి దస్తావేజుల సంచిలో ఉంచాం. అది ఎక్కడుందో నాకూ మా ఆవిడకూ తెలుసు. బ్యాంకు ఇనప్పెట్టెకు కూడా తాళాలు ఇద్దరి చేతిలో ఉంటాయి గదా!

ఈ పత్రిక చదివే ఇళ్ళలో ఎందరో తాతలు, మామ్మలు ఇలా తెర ముందు కూర్చునే మనవలకు తెలుగు చెబుతున్నారు. ఈ ఆదివారం ఒక అరగంట తీరిక చేసుకుని, మీ పెట్టెను తిరగేసి, ఆ చీటీ ఒకసారి చూడండి.

మా బడి మళ్ళీ మొదలైన రోజు సోలాపూరు పిల్ల అమ్మను చూడగానే అడిగిన మొదటి ప్రశ్న: “తాతమ్మా, మాకు అక్షరాలు రావడం లేదని విసుగొచ్చి నువ్వే కట్టేసేదానివి గదా?”